మానసకూ సంకోషుకూ మధ్య

ఒకప్పుడు మంచుకొండల దిగువ అడవిలో బంగారు రంగు కొండముచ్చులకు హద్దంటూ ఉండేది కాదు. మానస, సంకోష్ అనే రెండు నదులూ అప్పట్లో చిన్న వాగులే. కొమ్మ మీంచి కొమ్మకు దూకితే అవతలి గట్టు వచ్చేసేది.

అక్కడ పసిమి అనే కొండముచ్చుకు నెలన్నర కూతురు ఉండేది. ఒకరోజు పొద్దున్నే పసిమి అక్క గోరింట వచ్చి, పిల్లను కాసేపు ఎత్తుకుంటానంది. కొండముచ్చుల్లో అది మామూలే. గోరింట పిల్లను పొట్టకు అదుముకుని, లేత చిగుళ్ల కోసం మానస దాటి వెళ్లింది.

అంతలో కొండల మీద మంచు ఒక్కపెట్టున కరిగింది. రెండు వాగులూ పొంగి పెద్ద నదులైపోయాయి. అడవినిండా పొగమంచు కమ్మింది.

పసిమి హోరు వినబడిన వైపు పరుగెత్తి, "మానసా, నా బిడ్డేదీ?" అని అడిగింది.

"నేను సంకోషును. మానస తూర్పున ఉంది," అంది నది.

తూర్పు ఎటు? పొగమంచులో పొద్దు కనబడదు. చెట్లన్నీ ఒకేలా ఉన్నాయి. అటు పరుగెత్తింది, ఇటు పరుగెత్తింది. తిరిగి తిరిగి మళ్లీ నీళ్ల దగ్గరికి చేరి బిడ్డను పిలిచింది. అదీ సంకోషే.

నదికి జాలేసింది. "నా హోరు వినబడనంత దూరం పో. ఆ తర్వాత వినబడేది మానస హోరు," అని చెప్పింది.

పసిమి చెవులు రిక్కించి నడిచింది. చివరికి మానస గట్టుకు చేరింది. అవతల బూరుగు చెట్టు మీద అక్కా, పిల్లా మసకగా కనబడ్డారు.

"తగ్గమంటే తగ్గలేను తల్లీ. ఆ బూరుగు వేళ్లు కోసుకుపోతున్నాయి. అది కూలి నీ గట్టుకు ఆనుతుంది. మునిగేలోపు దాటమను," అంది మానస.

పసిమి గొంతు చించుకుని అక్కకు చెప్పింది. చెట్టు కూలింది. గోరింట పిల్లతో దాని మీద పరుగెత్తి గట్టు మీదికి దూకింది. వెనకే చెట్టు కొట్టుకుపోయింది.

పసిమి పిల్లను లాక్కుని గుండెకు హత్తుకుంది.

"మనమిప్పుడు ఏ గట్టున ఉన్నామే?" అంది గోరింట.

"రెండు నదుల నడుమ చిక్కామక్కా. ఇక నీళ్ల జోలికి మాత్రం పోవద్దు."

అప్పటినుంచే బంగారు కొండముచ్చులు ఆ రెండు నదుల నడుమే బతుకుతున్నాయి. ఇప్పుడు కొన్నే మిగిలాయి. దాహమేసినా నదికి దిగవు. ఆకుల మీది మంచుబొట్లు నాకి సరిపెట్టుకుంటాయి.