నక్క పెట్టుకున్న పసుపు బొట్టు

పికప్ బండ్లు మనుషులే తోలాలని ఎక్కడా రాసి లేదు. ముళ్లకొండ అడవిలో జంతువులూ తోలేవి. కొండ మీది చింతపండు, అల్లం, తేనె కిందనున్న సంతకు చేరాలంటే ఘాట్ రోడ్డు దిగాలి. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. అడుగడుక్కీ మలుపే.

ఆ బండ్లన్నిటికీ సీటు బెల్టులు బిగించింది ఎలుగుబంటి భల్లయ్య. కొండ మీద వాడికో షెడ్డు ఉంది, పని గట్టిదని పేరు కూడా ఉంది. అలాంటిది ఒకనాటి పొద్దున దుప్పి సోమన్న బండి మలుపులో బండరాయిని గుద్దుకుంది. బండికి పెద్ద దెబ్బేమీ తగల్లేదు. సోమన్న మాత్రం బండిలో లేడు. వెతగ్గా వెతగ్గా లోయలో దొరికాడు. పెట్టుకున్న బెల్టు పెట్టుకున్నట్టే ఒంటి మీద ఉంది, ప్రాణం లేదు. అప్పట్నించి ముళ్లకొండలో స్టీరింగు ముందు కూర్చున్న ప్రతివాడూ ముందు బెల్టును లాగి చూసుకోవడం మొదలైంది.

భల్లయ్య ఆ ఊడొచ్చిన బెల్టును చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత అందరినీ షెడ్డు ముందుకు పిలిచి తల వంచుకుని నిలబడ్డాడు.

“తప్పు నాదే. డ్రైవరు సీటు పక్కన, తలుపు వైపు, బెల్టును సీటుకు పట్టి ఉంచే ఇనుప తీగ ఉంటుంది. డ్రైవరు ఎక్కినప్పుడల్లా దిగినప్పుడల్లా ఆ తీగ వంగుతోంది. వంగి వంగి ఒక్కో పోగూ తెగిపోతోంది. చేత్తో లాగితే గట్టిగానే ఉంటుంది. బ్రేకు బలంగా వేస్తే ఊడొస్తుంది. బండ్లన్నీ వెనక్కి తెచ్చివ్వండి, కొత్త తీగలు వేసిస్తాను. నాకేమీ ఇవ్వక్కర్లేదు. పనైన బండి తలుపుకి పసుపు బొట్టు పెడతాను. బొట్టు లేని బండి మాత్రం ఎవరూ ఎక్కకండి.”

“సంత ముంచుకొస్తోంది కదా మామా, ఇప్పుడు బండి ఇచ్చేస్తే ఎలా?” అన్నాడు ఎద్దు నందెన్న.

“ఈ సంత పోతే ఇంకో సంత వస్తుంది. నువ్వు పోతే రావు నందెన్నా.”

 ఇంటిదారి పట్టాక ఎద్దు, పక్కన నడుస్తున్న నక్క జంబన్నను అడిగాడు. “ఏం బావా, ఇచ్చేద్దామంటావా?”

“ఇవ్వక ఏం చేస్తావు బావా? నీ బరువెంత, ఆ తీగ మందమెంత? నిన్న కునుకు పట్టగానే సోమన్న కలలోకి వచ్చాడు. బెల్టు మెడకు చుట్టుకుని ఉంది. ‘నందెన్న ఎప్పుడొస్తాడు’ అని నన్ను అడిగాడు.”

ఎద్దు నడక ఆపేశాడు. “నీ బండి కూడా ఇస్తావు కదూ?”

“ఇవ్వకపోతే బతకొద్దా? ముందు పెళ్లాం పిల్లలున్నవాళ్లవి కానీ. ఒంటిగాణ్ణి, నాదేముంది.”

అక్కడితో ఊరుకున్నాడా? ఇంటింటికీ తిరిగాడు. అడవిపంది ఇంట్లో ఒక కల చెప్పాడు, ముళ్లపంది ఇంట్లో ఇంకో కల చెప్పాడు. పొద్దు వాలేసరికి కొండ మీది బండ్లన్నీ భల్లయ్య షెడ్డు ముందు వరసగా నిలబడ్డాయి, జంబన్న బండి తప్ప. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగే రకం వాడు. సంతకు ఇక కొండంతటికీ ఒకటే బండి.

పోనీ తీగ సంగతి వాడికి భయం లేదా అంటే, లేదు. ఉండకపోవడానికి కారణం వాడి తెలివే. ‘తప్పు నాదేనని తనంతట తాను చెప్పుకునే వెర్రివాడు ఎవడుంటాడు? పైగా ఊరికే చేస్తాడట. ఊరకరారు మహానుభావులు. ఎలుగుబంటి ఏదో ఎత్తు వేశాడు, అదేమిటో నాకు ఇంకా అంతుబట్టలేదు, అంతే’ అనుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క తిన్నని మాట ఆడనివాడికి ఎదుటివాడి తిన్నని మాట ఎలా తలకెక్కుతుంది? ఇంట్లో పసుపు తడిపి బండి తలుపుకి తనే బొట్టు పెట్టుకున్నాడు. భల్లయ్య పెట్టేవాటికన్నా అదే గుండ్రంగా వచ్చింది.

సంత రోజు తెల్లారేసరికి కుందేలు చెవులమ్మ కూతురు బుడ్డికి ఒళ్లు కాలిపోతోంది. కళ్లు తేలేస్తోంది. వైద్యం తెలిసిన కొంగ కొండ కింద ఉంటుంది. చెవులమ్మ పిల్లను భుజాన వేసుకుని రోడ్డు మీద నిలబడింది. జంబన్న బండి వచ్చి ఆగింది.

“అన్నా, తీగ మార్పించావా?”

“తలుపు మీద బొట్టు కనబడ్డంలేదా చెల్లెమ్మా? ఎక్కు, ఎక్కు.”

చెవులమ్మ బొట్టు చూసింది, దేవుడికి దండం పెట్టుకుని ఎక్కింది. పిల్లను కిటికీ పక్కన కూర్చోబెట్టి బెల్టు బిగించి, తను మధ్య సీట్లో బెల్టు పెట్టుకుంది.

జంబన్న పద్ధతేమిటంటే, దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆగాలి. ఆగితే దిగాలి, బేరం తేల్చాలి, బస్తా ఎక్కించాలి, మళ్లీ ఎక్కి కూర్చోవాలి. ఆ అడవిలో అన్నిసార్లు బండి ఎక్కి దిగే డ్రైవరు ఇంకొకడు లేడు. బస్తాలు పెరిగేకొద్దీ వెనక బండి కుంగుతోంది. ఘాట్ మొదట్లో ముళ్లపంది అల్లం బస్తాలతో ఎదురైతే మళ్లీ దిగాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. ఎందుకో చెవులమ్మ ముందుకు వంగి డ్రైవరు సీటు అవతలకి చూసింది.

తీగ పోగులు చీపురు పుల్లల్లా విచ్చుకుని ఉన్నాయి. ఏవో కొన్ని మాత్రం ఇంకా పట్టుకుని ఉన్నాయి. 

“అన్నా, ఆ తీగ పాతదే. తెగిపోవచ్చింది” అంది, వాడు ఎక్కగానే. వాడి కింద తీగ మళ్లీ వంగింది.

“నీకు చూపు ఆననట్టుంది.”

“ఆ బొట్టు ఎవరు పెట్టారు?”

“ఎవరు పెడితే ఏం? పసుపు పసుపే.” జంబన్న బెల్టును చేత్తో లాగి చూపించాడు. “ఇదుగో, ఎంత గట్టిగా ఉందో చూడు. మీ జాతికి ఆకు కదిలినా భయమే.”

“చేత్తో లాగితే తెలీదని మామ చెప్పాడు కదా. నెమ్మదిగానైనా పోనీ అన్నా, నీ కాళ్లు పట్టుకుంటాను.”

“నెమ్మదిగా పోతే అక్కడ సంత లేచిపోతుంది. దిగిపోతావా చెప్పు.”

దిగితే పిల్ల కొంగ దగ్గరికి చేరదు. దిగకపోతే ఏమవుతుందో లోయకే తెలియాలి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. చెవులమ్మ పిల్ల బెల్టు మరోసారి సర్దింది. ఆ రెండు సీట్లలో ఎప్పుడో గాని ఎవరూ కూర్చోరు కాబట్టి వాటి తీగలు గట్టిగానే ఉన్నాయి. 

బండి దిగడం మొదలుపెట్టింది. వెనక బస్తాల బరువు ముందుకు తోస్తోంది. మలుపు దగ్గర లోయ కిటికీలోకి వచ్చినట్టే వచ్చి వెనక్కి పోతోంది. జంబన్న ఈల వేస్తున్నాడు.

“అమ్మా, ఎందుకు వణుకుతున్నావు?” అంది బుడ్డి, సగం స్పృహలో.

“చలేస్తోంది తల్లీ” అంది చెవులమ్మ. ఎండ మండిపోతోంది.

ఇంకో మలుపు తిరిగేసరికి రోడ్డుకు అడ్డంగా కొండచరియ రాళ్లు పడి ఉన్నాయి. జంబన్న ఈల ఆపి, ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు.

టప్పుమని చిన్న చప్పుడు. అంతే. చెవులమ్మ పక్కటెముకలు బెల్టుకు నొక్కుకుపోయాయి. అద్దం పగిలింది. తల తిప్పి చూస్తే డ్రైవరు సీటు ఖాళీ. బ్రేకు మీద కాలు లేకపోయేసరికి బండి మళ్లీ కదిలింది, రాళ్లను రాసుకుంటూ లోయ వైపు జారింది. బుడ్డి కేకేసింది. ఆ కేక చెవిన పడ్డాక చెవులమ్మకు ఇంకేదీ వినబడలేదు. రెండు చేతులతో చేతి బ్రేకు పట్టుకుని వెనక్కి వాలిపోయింది. బండి మూలిగి ఆగింది. ముందు చక్రం కింద మట్టి ఇంకా లోయలోకి రాలుతూనే ఉంది.

కాసేపటికి నందెన్న బండి వచ్చింది. అందరికన్నా ముందు దానికే కొత్త తీగ పడింది. తను వేసిన తీగను తనే చూసుకోవాలని భల్లయ్య కూడా అందులో కూర్చుని వచ్చాడు. తల్లీ పిల్లలను నెమ్మదిగా దింపారు. లోయ అంచున వెదురు పొదలో చిక్కుకుని మూలుగుతున్న జంబన్నను లాగారు. రెండు కాళ్లు విరిగాయి, మూతి పగిలింది, ప్రాణం మాత్రం మిగిలింది.

“ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడిందని మా అమ్మ అనేది” అన్నాడు ఎద్దు. “ఆ బల్లిని ఇవాళ చూశాను.”

రోడ్డు మీది రాళ్లను పక్కకు దొర్లించి, అందరినీ నందెన్న బండిలోకి ఎక్కించారు. దానికి రెండు వరసల సీట్లు. జంబన్నను కూర్చోబెట్టి భల్లయ్యే బెల్టు బిగించాడు. నక్క వాడి చెయ్యి వదల్లేదు.

“మామా, దీని తీగ మార్చావా?”

“మార్చాను.”

“నిజంగానా?”

“తలుపు మీద బొట్టు చూడలేదా?”

జంబన్న చూశాడు. గుండ్రంగా, పచ్చగా ఉంది. తన బండి మీదా అలాగే ఉండేది. బండి కదిలింది. కొత్త తీగ మీద నమ్మకంతో ఎద్దు నిదానంగా తోలాడు, భల్లయ్య నిశ్చింతగా కూర్చున్నాడు, బుడ్డి తల్లి ఒంటికి ఆనుకుని నిద్రపోయింది. కొంగ ఇంటికి చేరేదాకా ప్రతి మలుపులోనూ కళ్లు మూసుకుని గజగజ వణికింది నక్క ఒక్కడే.

నీతి: దొంగ గుర్తు పెట్టినవాడికి అసలు గుర్తు కూడా ధైర్యమివ్వదు.