సందు లేదన్న ఎర్నమ్మ

కొండకు దారి పడిన కొత్తలో, ఆ దారికి ఇంకా ఎవరూ పేరు పెట్టని కాలంలో, మెలికలు తిరిగే ఆ ఘాటీ దారి పైకొసన ఒక రేకుల షెడ్డు ఉండేదట. ఆ షెడ్డులో ఎర్నమ్మ అనే మనిషి ఉండేదట. ఇంజను ముక్కలను కిరోసిన్‌తో కడిగేది. తుడిచేది. ఆరబెట్టేది. అంతకు మించి ఆమెను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

ఒకనాడు దివాణం దొర తన తాతగారి మోటారు సైకిలును గడ్డివాము కిందనుంచి తీయించి, బండి మీద షెడ్డుకు చేర్పించాడు. తుప్పు తిన్నంత తిని, ఎలుకలు కాపురం చేసి వదిలిన యంత్రం అది.

“మా అబ్బాయి పెళ్ళి. కోడల్ని వెనక ఎక్కించుకుని వాడు దీనిమీద ఘాటీ దిగాలి. కింద వియ్యాలవారు కళ్ళప్పగించి చూడాలి,” అన్నాడు దొర.

ఆ షెడ్డు నడిపే సూరయ్య మేస్త్రీ మూడు నెలలు విప్పాడు. మూడు నెలలు ముక్కలకోసం వెతికాడు. మూడు నెలలు కూర్చాడు. చివరికి అరిగిన సిలిండరు లోపలి గోడ నున్నబడేలా బోరు కొట్టించి, పట్నం నుంచి కొత్త పిస్టను తెప్పించాడు.

ఇక చూడవలసింది సందు. పిస్టనుకూ సిలిండరు గోడకూ నడుమ పలచని సందు ఉండాలి. వేడికి పిస్టను ఉబ్బుతుంది. ఉబ్బే చోటు లేకపోతే గోడను కరుచుకుంటుంది. చక్రం బిగుసుకుపోతుంది. ఘాటీలో చక్రం బిగుసుకుంటే పక్కన ఉన్నది లోయ.

గడ్డం బ్లేడును నిలువునా విరిచిన ముక్కతో మేస్త్రీ కొలిచేవాడు. సందులో పెట్టి లాగితే మెత్తగా జారి రావాలి. ఆ మధ్యాహ్నం మెత్తగానే జారి వచ్చింది.

“సరిపోయింది. రేపు ఇంజను మూసేద్దాం,” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఎర్నమ్మ ముక్కలను మరోసారి తుడిచింది. ఏమనిపించిందో, బ్లేడు ముక్క తీసి తనే సందులో పెట్టి లాగింది. కదలలేదు. మూడు చోట్ల పెట్టింది. మూడు చోట్లా కదలలేదు.

“మేస్త్రీబాబూ, సందు లేదు. మూయనివ్వను.”

“ఏటే? నిన్నటిదాకా గుడ్డ పట్టుకున్న చెయ్యి ఇయాల కొలత కూడా పట్టేసిందేటి? నిన్న నాను సూడనేదా?”

ఎర్నమ్మ ఆలోచనలో పడింది. అదే బ్లేడు, అదే సిలిండరు. నిన్న వస్తానన్నది ఇవాళ రానంటున్నది. ఇనుము మాట మార్చదు కదా. అయితే నిన్న ఏ వేళప్పుడు అడిగారు? ఆమె తన అరచేతిని చూసుకుంది. నిన్న సిలిండరును ఎండలోనుంచి తెచ్చినప్పుడు చురుక్కుమన్న చెయ్యి అది. పిస్టను మాత్రం నీడలో, పెట్టెలో, కాగితం చుట్టుకుని ఉంది.

“ఎండకు సిలిండరు ఉబ్బి ఒళ్ళు ఇచ్చుకుంది బాబూ. సల్లటి పిస్టను ఎట్టి కొలిసీసినావు,” అంది.

మేస్త్రీ ముఖం పాలిపోయింది. కాని దొరకు మాట ఇచ్చినవాడు. తప్పు ఒప్పుకోలేక మిగతా ముక్కలు సర్దసాగాడు.

దొర వచ్చాడు. సంగతి విని నవ్వాడు. “కడిగేదానికి కూడా కొలతలు తెలిశాయే!”

“సందు లేదు బాబూ. మూయనివ్వను.”

మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. ఈసారి నవ్వలేదు. “రేపటినుంచి నీకిక్కడ పని లేదు.”

“పని పోతే పోనీండి. సందు లేదు బాబూ. మూయనివ్వను.”

పొద్దువాలే వేళ మూడోసారి వచ్చాడు, చేతిలో బెత్తంతో. అప్పటికి రెండూ ఒకే చల్లదనంలో ఉండేలా పిస్టనునూ సిలిండరునూ ఒక్క తడిగోనెలో చుట్టి, ఒడిలో పెట్టుకుని, గుమ్మానికి అడ్డంగా కూర్చుంది ఎర్నమ్మ.

“లేస్తావా? లేపించమంటావా?”

“లేపించండి. దీన్ని మాత్రం వదల్ను. యెనకాల కూకునే పిల్ల ఎవరి కూతురో నాకు తెల్దు. మీ కోడలు గదా, మీకు తెలాల. సందు లేదు బాబూ. మూయనివ్వను.” గోనె విప్పి, బ్లేడు ముక్క చేతికిచ్చింది. “మీరే లాగండి.”

దొర పెట్టి లాగాడు. రాలేదు. బలంగా లాగాడు. బ్లేడు పుటుక్కున విరిగి వేలు తెగింది.

“తప్పు నాది బాబూ. ఎండలో కొలిసీసినాను,” అన్నాడు మేస్త్రీ.

పెళ్ళికూతురు ఎడ్లబండిలో ఘాటీ దిగింది. వియ్యాలవారు నవ్వనే నవ్వారు. మేస్త్రీ సిలిండరు లోపలి గోడను మూడు రోజులు అరగదీశాడు. నాలుగోనాడు ఎర్నమ్మ మూడు చోట్ల లాగి చూసి “ఔను” అంది. మోటారు సైకిలు కొత్త జంటతో ఘాటీ దిగింది, తిరిగి ఎక్కింది.

“ఏం కావాలో అడుగు,” అన్నాడు దొర.

“మీరివ్వగలిగింది కాదు బాబూ,” అని ఎర్నమ్మ మేస్త్రీవైపు తిరిగింది. “ఇకమీదట నాను ఔననకుండా ఏ ఇంజనూ మూయకు. ముక్కల్ని ముందుగా ముట్టుకునేది నాను.”

మేస్త్రీ సరేనన్నాడు. ఆమె బతికినంతకాలం ఆ మాట నిలిపాడు. ఆమె పోయిన రోజున ఘాటీ మీద ఏ షెడ్డులోనూ ఏ ఇంజనునూ మూయలేదట.

ఇప్పటికీ అక్కడివాళ్ళు సిలిండరునూ పిస్టనునూ ఒక్క తడిగోనెలో చల్లార్చిగాని కొలవరు. మూసేముందు మేస్త్రీ లేచి, ముక్కలు కడిగే మనిషి దగ్గరకు నడిచివెళ్ళి, “మూయనా?” అని మూడుసార్లు అడుగుతాడు. ఆ మనిషి కాదంటే, బండి యజమాని ఎంతటివాడైనా బయట నిలబడవలసిందే. అందుకే ఆ షెడ్లలో కొత్తగా కడిగే పనికి చేరిన వాళ్ళచేత, చేతికి గుడ్డ ఇవ్వకముందే, అందరూ వినేటట్టు ఒక్కమాట పలికిస్తారు: “కాదు.”