తెల్లకారులో పేరయ్య

అవధాని గారిని ఏదడిగినా "చూద్దాం" అని తన పనిలో పడేవారు. పంచాంగ గణితంలో ఆయన ఉద్దండులే గాని, మాఘమాసం వస్తే డాబా మీద వడియాలకు కాపలా కాయడం కూడా ఆయన పనే.

ఆ ఉదయం శిష్యుడు పేరయ్యకు కాలు నిలవడం లేదు. పొరుగూరి సభలో గ్రహాల మీద అతని మొదటి ఉపన్యాసం. గంజి పెట్టి ఇస్త్రీ చేయించిన పంచె కట్టాడు, పట్టు కండువా వేశాడు. ఉపన్యాసమంతా కంఠతా వచ్చింది గాని, ఒక్క వాక్యం మాత్రం మింగుడు పడడం లేదు.

"బుధుడు సూర్యుడి పక్కనే ఉన్నాడు గురువుగారూ. శుక్రుడు దాదాపు రెండింతల దూరం. పైగా తెల్లటి మబ్బు కప్పుకుని, వచ్చిన ఎండలో ముప్పాతిక తిప్పికొడతాడు. అయినా వాడే ఎక్కువ వేడి అంటున్నారు. పొయ్యి దగ్గరివాణ్ణి వదిలి వాకిట్లోవాడికి సెగ తగలడమేమిటండీ? ఆ వాక్యం కొట్టేసి, బుధుడే అని చెప్పేస్తాను."

"చూద్దాం. పైకి రా, కాకుల్ని తోలుతూ మాట్లాడుకుందాం."

పైన ఎండ. పేరయ్యకు తన ఇస్త్రీ గుర్తొచ్చింది. సభవాళ్ళు పంపిన తెల్లకారు గోడ పక్కన సగం నీడలో ఉంది. డ్రైవరు టిఫినుకు వెళ్ళాడు. పాఠం వల్లె వేసుకుంటానని చెప్పి అందులో కూర్చుని, దుమ్ము పడకుండా నాలుగు అద్దాలూ బిగించుకున్నాడు. తెలివంటే అతనిదే మరి.

అరగంటలో పంచె గంజి దిగిపోయింది. విభూతి కరిగింది, బొట్టు ముక్కు మీదికి జారింది. బుధుడి ప్రతాపం మూడోసారి వల్లిస్తుండగా ఊపిరాడక, తలుపు తోసుకుని బయటపడ్డాడు. ఏట్లో ముంచి తీసినట్టున్నాడు. సభకు ఇంకా గంటే ఉంది. నిజంగానే ఏడుపొచ్చింది.

డాబా మీద నిండు ఎండలో అవధాని గారు చొక్కా లేకుండా నిలబడి, ఒక మొండి కాకిని అదిలిస్తున్నారు. ఒంటి మీద చెమట చుక్క లేదు.

"ఎండలో ఉన్నది మీరు. ఉడికింది నేనేమిటండీ?" అన్నాడు పేరయ్య.

ఆయన పిట్టగోడ మీంచి వంగి, కారునూ శిష్యుణ్ణీ మార్చి మార్చి చూశారు.

"దండెం మీద నా పంచె ఉంది, కట్టుకో. దారిలో అద్దాలు దించుకో. శుక్రుడికి, పాపం, ఆ వీల్లేదు."