అచ్చాయమ్మ గంగాళం

కాళ్ళు కడుక్కున్నారా? కిట్టూ, ఆ దిండు లాక్కోకు, అది నాది. ఊ కొట్టకపోతే మధ్యలో ఆపేస్తాను, ముందే చెబుతున్నా.

అనగనగా ఒక ఊళ్ళో దొండపాటివారని పెద్ద కుటుంబం. ఆ ఇంటికి నీలాయమ్మని కొత్త కోడలొచ్చింది. ఏది చూసినా ఎందుకు, ఏమిటి అని అడగందే దానికి తోచదు, అచ్చం మన బుజ్జిలాగే.

ఆడపడుచు రత్తాలుకి ఏటవతలి ఊరి సంబంధం కుదిరింది. తాంబూలాలనాడు వంశాలు చదివే భట్టుని పిలిచారు. ఆ రోజుల్లో తరాలన్నీ చదివితేగానీ సంబంధం ఖాయం చేసుకునేవారు కాదు. ఫలానా ఆయన, ఆయన భార్య ఫలానా ఆవిడ అని చదువుకుంటూ పోతున్నాడా, రత్తాలు ముత్తాత దగ్గరికొచ్చేసరికి భార్య పేరు మింగేశాడు. పెళ్ళికొడుకు తాత పట్టేసుకున్నాడు. ఆవిడ పేరేదీ అన్నాడు. భట్టు నసిగి నసిగి, ఆవిడ మొగుణ్ణీ పిల్లల్నీ వదిలేసి ఎటో పోయిందట, అందుకని తాటాకులో పేరు గీకేశారు అన్నాడు. అంతే, వాళ్ళు తాంబూలం ముట్టుకోకుండా లేచారు. పది రోజుల్లో సంగతి తేల్చండి, లేదా మా దారి మాది అనేశారు. రత్తాలు పెరట్లో కూర్చుని ఒకటే ఏడుపు. ఊ కొడుతున్నారా?

నీలాయమ్మ అత్తని అడిగింది. అత్త మామని అడగమంది. మామ తన ముసలి మేనత్త వీరాయమ్మని అడగమన్నాడు. ఆ పోయినావిడకి వీరాయమ్మ సొంత కూతురు. అమ్మ మాట ఎత్తగానే ఆవిడ చెవుడు వచ్చినట్టు అటు తిరిగి పడుకుంది.

మనుషులు చెప్పకపోతే సామానుని అడుగుదామని కోడలు అటకెక్కింది. సారె పెట్టేటప్పుడు ఇత్తడి మీద పిల్ల పేరు కొట్టిస్తారు కదా, తాటాకు గీకినంత తేలిగ్గా దాన్ని గీకలేరు. చింతపండు వేసి తోమింది, తోమింది, తోమింది. బిందె మీద అచ్చాయమ్మ. చెంబు మీద అచ్చాయమ్మ. ఉగ్గుగిన్నె అడుగున అచ్చాయమ్మ. భట్టు చదివిన పేర్లలో లేనిది ఆ ఒక్క పేరే. బిందెలో సారె జాబితా కూడా దొరికింది. సరిచూసుకుంటే అన్నీ ఉన్నాయి, గంగాళం ఒక్కటే లేదు.

గంగాళమంటే తెలుసా? మీ ఇద్దర్నీ కలిపి అందులో కూర్చోబెట్టచ్చు. ఇల్లొదిలి పారిపోయే మనిషి చెంబు పట్టుకుపోతుంది గానీ, ఇద్దరు పడితేగానీ లేవని గంగాళం మోసుకుపోతుందా? నీలాయమ్మకి ఆశ పుట్టింది.

చాకిరేవులో అడిగింది, సంతలో అడిగింది, కంచరివాళ్ళని అడిగింది. ఆఖరికి పడవ సరంగు చెప్పాడు, అంత గంగాళం ఏటవతలి సత్రంలో ఉందని. ఏ ఊరనుకున్నారు, పెళ్ళికొడుకు వాళ్ళ ఊరే.

మామనీ, పెళ్ళికొడుకు తాతనీ వెంటబెట్టుకుని వెళ్ళింది. అంచు తోమితే అచ్చాయమ్మ. సత్రం పాత పుస్తకం తీయించింది. కరువొచ్చిన ఏడు ఒకావిడ గంగాళమూ, నాలుగు బస్తాల నూకలూ పడవ మీద తెచ్చి నలభై రోజులు గంజి కాచిందట. పిల్లలు ఎదురుచూస్తున్నారు, నూకలైపోగానే వెళ్ళిపోతాననేదట. ఈలోగా కలరా తగిలి ఆవిడ అక్కడే చనిపోయిందట. ఏ ఊరిదో ఎవరికీ తెలియలేదట. పెళ్ళికొడుకు తాత గంగాళానికి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. తను పసివాడప్పుడు ఆ గంజి తాగే బతికాడు మరి.

ఇంటికొచ్చి చెప్పేసరికి వీరాయమ్మకి చెవుడు పోయింది. నాన్న గాదెకి తాళం వేస్తే అమ్మ బద్దలుకొట్టింది, ఇద్దరూ అరుచుకున్నారు, అంతే నాకు గుర్తు అంది. ఆ ఉక్రోషంతోనే ఆయన పెళ్ళాం లేచిపోయిందని చాటించాడు, సిగ్గుమాలినవాడు. వీరాయమ్మ ఉగ్గుగిన్నె ఒళ్ళో పెట్టుకుని, “అయితే మా అమ్మ నన్ను వదిలేసి పోలేదన్నమాట” అంది. డెబ్భై ఏళ్ళ మనిషి, చంటిపిల్లలా ఏడ్చింది.

రత్తాలు పెళ్ళికి అన్నం ఆ గంగాళంలోనే వండారు. భట్టు చేత అచ్చాయమ్మ పేరు మూడుసార్లు చదివించారు. తర్వాత గంగాళాన్ని సత్రానికే పంపేశారు, అది ఆవిడ ఇచ్చింది కదా. అందుకే ఎవరినైనా ఎవరైనా చెడ్డదంటే, తలూపే ముందు ఒకసారి అటకెక్కి చూడాలర్రా.

ఉగ్గుగిన్నె ఏమైందా? బుజ్జీ, నీకు ఉగ్గు పెట్టిన గిన్నె వంటింట్లో పై అరలో ఉంది. పొద్దున్నే చింతపండు వేసి దాని అడుగు తోమి చూడు. ఇక కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.