పాత కత్తికి కొత్త కత్తి

ఓబులమ్మ వీధులు తిరిగి, పాత సామాను తీసుకుని కొత్త గిన్నెలు ఇచ్చే మనిషి. యుద్ధంలో ఆమె తమ్ముడు పోయాడు. శవంతోపాటు వంకరపోయిన అతని కత్తి ఇంటికొచ్చింది. కడుపు మండి, కత్తిని గంపలో వేసుకుని నేరుగా రాజు కొలువుకు పోయి, సైన్యానికి నాసిరకం కత్తులిచ్చారని మొరపెట్టుకుంది.

"అది మేలిమి ఉక్కు. నీ తమ్ముడికే తిప్పడం చేతకాలేదు," అన్నాడు సైన్యానికి కత్తులు చేయించే గుత్తేదారు తిప్పరాజు. రాజు తలూపి, తిప్పరాజు కానుకగా ఇచ్చిన తన నడుము కత్తిని నిమురుకున్నాడు.

ఓబులమ్మ పళ్ళు కొరికింది. గంప దించి, తిప్పరాజు వైపు తిరిగి, వీధిలో అరిచినట్టే అరిచింది.

"పాత కత్తికి కొత్త కత్తి! అయ్యా, మీ ఇంటి కావలివాళ్ళ పాత కత్తులు సైన్యానికి ఇచ్చేయండి. సైన్యానికిచ్చిన ఈ కొత్తవి మీ వాళ్ళకు ఇచ్చుకోండి. లాభం మీకే!"

తిప్పరాజు అదిరిపడ్డాడు. "అమ్మో! ఇంట్లో ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు!"

రాజు "ద్రోహీ!" అంటూ లేచి నడుము కత్తి మీద చెయ్యి వేశాడు.

"చూసి దుయ్యండి దొరా," అంది ఓబులమ్మ. "అదీ ఆయన చేయించిందేగా?"

రాజు చెయ్యి పిడి మీదే ఆగిపోయింది.

"నా తమ్ముడు చచ్చాడంటే పట్టని చెమట, ఇప్పుడు పట్టిందేం దొరా?"