ఓర్లా చదివిన ఇనప చెప్పు

ఆ ఏడాది ఆస్గెర్‌కి ఇనప చెప్పులు నిలవడం లేదు. మేలో ఒకటి అరిగిపోయింది. జులైలో రెండోది పోయింది. సెప్టెంబరులో మూడోదానికి మడమ దగ్గర చిల్లు పడింది. ఆ చిల్లు చెప్పు చేత్తో పట్టుకుని ఒక మంగళవారం పొద్దున అతను ఓర్లా షెడ్డుకి వచ్చాడు.

ఇనప చెప్పంటే ఏమిటో ముందు చెప్పాలి. డెన్మార్కు వాళ్ళు ప్రాణం పెట్టే మోటారు సైకిల్ పందెం ఒకటుంది, స్పీడ్‌వే అంటారు. నలుగురు మనుషులు, నాలుగు చుట్లు, నిమిషంలో అయిపోతుంది. బండికి బ్రేకులుండవు. మరిచిపోయి కాదు, ఉండకూడదనే నియమం. కోడిగుడ్డు ఆకారపు మట్టి ట్రాక్ మీద ఎప్పుడూ ఎడమవైపే తిరగాలి. మలుపులో వెనక చక్రం పక్కకి జారుతుంది. జారనివ్వాలి, జారుతూనే తిరగాలి. అప్పుడు ఎడమకాలు చాపి నేలకి తగిలిస్తారు. ఆ బూటు చిరిగిపోకుండా దాని కింద ఒక ఇనప చెప్పు కట్టుకుంటారు. ఇంతకన్నా వివరంగా నాకూ తెలియదు, మన కథకి ఇది చాలు.

ఆ చెప్పులు చేసేవాడు ఓర్లా. డెబ్బై దాటాయి. ఒకప్పుడు తనూ పందేలు తోలినవాడే. ఆస్గెర్‌ని తొమ్మిదో ఏట మొదటిసారి బండి ఎక్కించింది కూడా ఆయనే. గురువంటే గడ్డం ఉండాలనుకునేవాళ్ళు కాస్త సర్దుకోవాలి, ఆయన రోజూ నున్నగా గీసుకునేవాడు. పాంకోళ్ళు మాత్రం ఉన్నాయి. ఆ పడమటి జిల్లాల్లో ముసలివాళ్ళు ఇప్పటికీ తొడుక్కునే బరువైన కర్ర జోళ్ళవి. షెడ్డులో ఆయన నాలుగడుగులు వేస్తే ట్రాక్ దాకా వినిపించేది.

"ఈసారి మందంగా చెయ్యండి," అన్నాడు ఆస్గెర్. నిజానికి ఆ దేశంలో గురువునైనా పేరు పెట్టి 'నువ్వు' అనే పిలుస్తారు. నాకు చెయ్యి రాక మర్యాద నేనే చేరుస్తున్నాను.

"ఎంత మందం?"

"రెట్టింపు. నేను తోలే వేగానికి ఈ ఇనుము ఆగడం లేదు."

ఆ మాటలో కాస్త గొప్ప కూడా ఉంది. ఓర్లా చెప్పుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని, తిరగేసి, ఉత్తరం చదివినట్టు చదివాడు.

ఆస్గెర్ గొప్ప ఊరికే వచ్చింది కాదు. పంతొమ్మిదో ఏట దేశంలో కుర్ర రేసర్లందరిలోకీ మొదటివాడు. తరవాత పదేళ్ళు బుధవారం స్వీడన్, శుక్రవారం ఇంగ్లండు, ఆదివారం పోలండు అన్నట్టు బతికాడు. వ్యానులో పడుకున్నాడు, పడవ రేవుల్లో బండి కడుక్కున్నాడు. రెండేళ్ళ కిందట పోలండులో ఒక ట్రాక్ మీద, రెండో మలుపులో పడ్డాడు. తుంటి ఎముక, మూడు పక్కటెముకలు విరిగాయి. అవన్నీ శుభ్రంగా అతుక్కున్నాయి. కానీ అప్పట్నించీ ఒక్క పందెం గెలవలేదు. ఇంజను మార్చాడు, ఇంజను చూసే మనిషిని మార్చాడు, హ్యాండిల్ ఎత్తు మార్చాడు. వస్తే మూడో స్థానం, లేకపోతే నాలుగోది. నలుగురే ఉన్న పందెంలో నాలుగో స్థానం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

అతని ఊరి క్లబ్బు మేనేజరు బెంటె మొహమాటం తెలియని మనిషి. "ఆదివారం సీజనుకి ఆఖరి మ్యాచ్. ఆ రోజు నువ్వెలా తోలతావో చూసి, వచ్చే ఏడాది జట్టులో ఉంచాలో లేదో చెబుతాను," అందామె. ఆస్గెర్‌కి ముప్ఫై ఒకటి. సొంతూరి జట్టే వద్దంటే బయటి జట్టు ఎవరూ పిలవరు. తొమ్మిదో ఏట నించీ ఎడమవైపు తిరగడం తప్ప అతను ఇంకో పని నేర్చుకోలేదు.

"ఆదివారం పొద్దున రా, చెప్పు తయారుగా ఉంటుంది," అన్నాడు ఓర్లా.

"ఈలోగా ప్రాక్టీసు ఎలా?"

ఓర్లా బీరువా మీదికి చూశాడు. అక్కడ నీలం రంగు గుండ్రటి బిస్కెట్ల డబ్బాలు వరసగా ఉన్నాయి. మన ఇళ్ళలో సూదీ దారం దాచుకుంటామే, అవే. ఆయన వాటిల్లో బోల్టులూ నట్లూ దాచుకునేవాడు. ఒక డబ్బా దించి, మూత తీసి, ఆస్గెర్ బూటు మీద పెట్టి సుత్తితో చుట్టూ వంచి, తోలు పట్టీ బిగించాడు.

"దీంతో నాలుగు చుట్లు తిరుగు. ఒక్కడివే, మెల్లగా. దీన్ని ఇలాగే వెనక్కి పట్టుకురా."

"ఇది బిస్కెట్ల డబ్బా మూత!"

"అవును. బిస్కెట్లు కూడా బావున్నాయి."

క్లబ్బు ట్రాక్ షెడ్డు పక్కనే. మొదటి చుట్టు రెండో మలుపులోనే మూత పీలికలైపోయింది. ఆస్గెర్ ఆ పీలికలు తెచ్చి బల్ల మీద పడేశాడు. ఓర్లా ఇంకో డబ్బాలో బోల్టులు బల్ల మీద బోర్లించి, దాని మూత కూడా వంచి ఇచ్చాడు. అది ఒక చుట్టు ఆగింది. బుధవారం ఇంకోటి పోయింది. గురువారం నాలుగోది. బల్ల మీద బోల్టులు కుప్పపడ్డాయి, ఆస్గెర్‌కి సహనం చచ్చిపోయింది.

"మీరు నన్ను ఆటపట్టిస్తున్నారు," అన్నాడు. "ఆదివారంతో నా బతుకేమిటో తేలిపోతుంది. నేను మందం అడిగితే మీరు మూతలిస్తున్నారు. అసలు కాలు నొక్కకుండా ఆ మలుపు ఎవడైనా తిరగ్గలడా?"

ఓర్లా గోడ చూపించాడు. మేకుకి ఒక ఇనప చెప్పు వేలాడుతోంది. చిన్నప్పట్నించీ ఆస్గెర్ దాన్ని చూస్తూనే ఉన్నాడు. దాని అడుగున ఉలితో కొట్టిన నాలుగక్షరాలున్నాయి, వాళ్ళ లిపిలో ఓర్లా పేరు.

"అది నమూనా కదా, వచ్చినవాళ్ళకి చూపించడానికి?"

"పదకొండు సీజన్లు వేసుకున్నాను."

ఆస్గెర్ నమ్మలేదు. మేకు మీంచి తీసి వెలుతురులోకి పట్టుకెళ్ళాడు. ఇనుము మీద వెంట్రుకంత సన్నటి గీతలు వందలున్నాయి, అన్నీ ఒకే వైపుకి. అక్షరాల అంచులు నున్నబడ్డాయి గానీ నాలుగూ వేలికి తగులుతున్నాయి. వాటి మీద బొటనవేలు నాలుగైదుసార్లు రాశాడు. కోపం ఎటు పోయిందో తెలియలేదు, దాని చోట ఆశ్చర్యం వచ్చి కూచుంది.

"ఎలా?" అని అడిగాడు. ఆ వారంలో అతను నిజంగా తెలుసుకోవాలని అడిగిన మొదటి ప్రశ్న అదే.

"మలుపులో నీ కాలు ఏం వెతుకుతోంది, అబ్బాయ్?"

"నేలని."

"నేల ఎక్కడికి పోతుందని?"

ఆస్గెర్ చెప్పుని అటూ ఇటూ తిప్పాడు. "పోలండులో పోయింది," అన్నాడు. "ఆ రెండో మలుపులో కాలు పెడితే కింద ఏమీ లేదు. అర క్షణం ఏమీ లేదు. తరవాత కంచె వచ్చి కొట్టింది." ఆ మాట అతను డాక్టరుకి చెప్పలేదు, బెంటెకి చెప్పలేదు. ఇంజను వాళ్ళకి అసలే చెప్పలేదు. "నాకు భయంగా ఉంది, ఓర్లా గారూ. ప్రతి మలుపులోనూ."

"మేలోనే తెలుసు," అన్నాడు ఓర్లా. బల్ల కింద అరిగిన చెప్పులు రెండూ ఉన్నాయి, ఆయన పారెయ్యలేదు.

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"నువ్వు ఇనుము అడిగావు."

శుక్రవారం అయిదో మూత కట్టుకుని ట్రాక్ ఎక్కాడు. భయం పోలేదు, పోతుందని ఓర్లా మాటిచ్చిందీ లేదు. మొదటి మలుపులో కాలు చాపాడు. ఒళ్ళంతా ఆ కాలి మీదికి వాలిపోదామంటోంది. వాలలేదు, వాలితే మూత ఉండదు మరి. ఎప్పుడూ వేగం తగ్గించే చోట చెయ్యి తిప్పి ఇంకాస్త పెంచాడు. బండి దానంతటది మలుపు తిరిగి నిలబడింది. బండి చేసిన ఆ పని అతనికే విచిత్రంగా అనిపించి, చూద్దామని రెండో మలుపులోనూ అలాగే చేశాడు. మూడు చుట్లు తిరిగాడు. నాలుగో చుట్టులో ఏదో గుర్తొచ్చి కాలు నొక్కేశాడు. మూత చిరిగింది.

చిరిగిన మూత ఊపుకుంటూ నవ్వుతూ వచ్చాడు. "మూడు చుట్లు! ఇంకో మూతుందా?"

"డబ్బాలు అయిపోయాయి," అన్నాడు ఓర్లా.

ఆదివారం పొద్దున కొత్త చెప్పు చేతికిచ్చాడు. రెట్టింపు మందం మాట దేవుడెరుగు, పాతదానికన్నా పల్చగా ఉంది. అడుగున అయిదక్షరాలు కొట్టి ఉన్నాయి, వాళ్ళ లిపిలో ఆస్గెర్ పేరు.

"పేరు అడుగున కొట్టారేం? ఎవరు చూస్తారు?"

"నేను."

ఓర్లా మ్యాచ్‌కి వెళ్ళలేదు. ఆయన ఎప్పుడూ వెళ్ళడు, షెడ్డులోనే కూచుని చప్పుడు వింటాడు. ఆస్గెర్‌కి ఆ రోజు అయిదు పందేలు. మొదటిదాంట్లో మూడో స్థానం వచ్చింది. రెండోదాంట్లో రెండోది. మూడో పందెంలో అందరికన్నా ముందు గీత దాటాడు. రెండేళ్ళ తరవాత గెలుపు. నమ్మకం కుదరక పక్కవాడిని అడిగి నిర్ధారణ చేసుకున్నాడు. నాలుగోది కూడా గెలిచాడు. అయిదోదాంట్లో ఆఖరి చుట్టు దాకా ముందే ఉండి, రెండో మలుపులో పక్కన ఇంకో బండి మీదికొచ్చేసరికి కాలు గట్టిగా నేలకి పొడిచాడు. వెంటనే తెలిసింది, ఎత్తేశాడు. చక్రం తేడాతో రెండో స్థానం.

బెంటె కాగితం మీద ఏదో రాసుకుంటూ, తల ఎత్తకుండానే, "ఏప్రిల్ మొదటి వారం ప్రాక్టీసు. ఆలస్యంగా రాకు," అని వెళ్ళిపోయింది.

ఆస్గెర్ కాసేపు హెల్మెట్ తియ్యకుండా నిలబడ్డాడు. లోపల కళ్ళు తుడుచుకోవడానికి వీల్లేదు. తరవాత చెప్పు పట్టీ విప్పుకుని షెడ్డుకి పరిగెత్తాడు.

ఓర్లా మూతల్లేని డబ్బాల్లోకి బోల్టులు ఏరుకుంటున్నాడు. చెప్పు అందుకున్నాడు. ఇనుము ఇంకా వెచ్చగా ఉంది. కళ్ళజోడు కోసం జేబులు తడుముకున్నాడు.

"ఎన్నో స్థానం వచ్చిందో అడగరా? జట్టులో ఉంచారో లేదో అడగరా?"

"ఆగు, చదువుతున్నాను."

బొటనవేలితో మట్టి తుడిచాడు. మడమ వైపు రెండక్షరాలు చెరిగిపోయాయి. మిగిలిన మూడూ స్పష్టంగా ఉన్నాయి.

"ఆఖరి పందెం. రెండో మలుపు," అన్నాడు ఓర్లా.

ఆస్గెర్ తలూపాడు.

ఓర్లా చెప్పుని అతని చేతిలో పెట్టి మళ్ళీ బోల్టుల మీదికి వంగాడు.

"ఉన్న మూడక్షరాలూ వచ్చే ఏడాదికి అట్టేపెట్టుకో."