చిల్లులో పోయిన మాట

పరాంకుశాచార్యులవారిని ఎవరు ఏమడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కారు. అడిగినవాణ్ణి ముందు ఏదో ఒక పని మీద పంపేవారు.

ఒకనాడు నరహరి అనే శిష్యుడు, యాభై దాటినవాడు, స్టీలు పెట్టె ఒకటి చంకన పెట్టుకుని భీమునిపట్నంలో వారింటికి వచ్చాడు. అందులో వాళ్ళింటి పాత పోస్టుకార్డులున్నాయి. వాళ్ళ నాన్న వచ్చిన కార్డునల్లా దూలానికి వేలాడే ఇనప తీగకు గుచ్చేవాడు. నరహరి వాటిని దించి, తుడిచి, ఒక్కొక్కదానికీ ప్లాస్టిక్ తొడుగు వేసి, నడుమ వేపాకూ కలరా ఉండలూ పెట్టాడు. పెద్దల జ్ఞాపకాలు చెడిపోకుండా ఇంకేం చెయ్యాలో సెలవియ్యమన్నాడు. అంటూనే, కార్డులు ముట్టుకునే ముందు వేసుకోమని గురువుగారికి తెల్లటి గ్లౌజులు అందించాడు.

ఆచార్యులవారు బుద్ధిగా వేసుకున్నారు. పెట్టె అడుగున విడిగా గుడ్డలో చుట్టి ఉన్న కార్డు తీసి, దీని ప్రత్యేకత ఏమిటని అడిగారు.

నరహరి మొహం మాడ్చుకున్నాడు. అది విజయనగరంలో ఉండే మేనత్త అలివేలమ్మ, నరహరి తల్లికి రాసిన కార్డు. "మీ అమ్మగారు" అన్నదాని తర్వాతి మాటను తీగ చిల్లు మింగేసింది. ఆపైన "కబురు అందింది, ఇంటిల్లిపాదీ సంతోషించాం" అని ఉంది. కార్డు మీది తేదీ చూస్తే, నరహరి అమ్మమ్మ పోయింది ఆ నెలలోనే. చావుకబురు విని సంతోషించిన మనిషితో మాటలేమిటని, అది చదివిన దగ్గర్నుంచి అతను అత్త గడప తొక్కలేదు. ఆవిడ ఫోను చేసినా ఎత్తలేదు.

"రాసినావిడ ఉందిగా. వెళ్ళి అడుగు. పెట్టె కూడా పట్టుకెళ్ళు," అన్నారు ఆచార్యులవారు.

అలివేలమ్మ తలుపు తీసి, నరహరి వేసుకున్న గ్లౌజులు చూసి, చేతులకేమైందని కంగారు పడింది. సంగతి విన్నాక, జంతికలు తింటున్న చేత్తోనే కార్డు లాక్కుని, తొడుగు పీకి, చిల్లులోంచి అవతలికి కూడా చూసింది.

"ఏం రాశానో గుర్తులేదురా. కోలుకున్న కబురైనా కావచ్చు, కాశీ బయల్దేరిన కబురైనా కావచ్చు. మీ అమ్మమ్మ విషయంలో రెండూ మాకు సంతోషమే. అయినా, ఆవిడ పోయినప్పుడు మీ అమ్మ పక్కనే కూర్చుని ఏడుస్తున్నాను. పక్కనున్న మనిషికి ఎవరైనా కార్డు రాస్తారా?"

నరహరికి తలెత్తబుద్ధి కాలేదు. ఆవిడ అదేమీ పట్టించుకోకుండా మిగతా కార్డులు కూడా బయటికి లాగింది. రెండు రోజులుంటానని తమ ఇంటికి వచ్చిన అమ్మమ్మ మామిడికాయల కాలమంతా ఉండిపోయి, జాడీ జాడీకీ మూత తీసి వంక పెట్టిన వైనం చెప్పింది. నరహరి నవ్వీ నవ్వీ, గ్లౌజులు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. బస్సుకు బయల్దేరుతుంటే, ఆవిడ గుమ్మం దాకా వచ్చి, "ఆ ఫోను బాగుచేయించుకో నాన్నా, ఎన్నిసార్లు చేసినా పలకడం లేదు," అంది.

మర్నాడు నరహరి జరిగిందంతా గురువుగారికి విన్నవించాడు. చివర కాస్త నసిగి, కార్డుల మీద జంతికల నూనె మరకలు పడ్డాయనీ, అవి పోయే ఉపాయం చెప్పమనీ వేడుకున్నాడు.

"మీ మేనత్తగారికి ఎన్నేళ్ళు?" అని అడిగారు ఆచార్యులవారు.

"ఎనభై దాటాయి స్వామీ."

"అయితే కార్డులకు తొందరేం లేదులే," అన్నారు.